పోలీసుల చేతిలో చనిపోయిన నల్లజాతి ఆడవాళ్ల పేర్లు మనకెందుకు తెలియవు?

ముందుగా మీరు అడిగింది క్లుప్తంగా చెప్పుకుంటాను. డల్లాస్‌లో ఎం.ఎస్. చదువుతున్నారు. క్లాసులో ఒకమ్మాయి 'సే హర్ నేమ్' అని రాసి ఉన్న టీషర్టు వేసుకొచ్చింది. అదేమిటని వెతికితే వచ్చిన పేర్లలో బ్రియానా టేలర్ తప్ప ఒక్కటీ మీకు తెలియలేదు. జార్జ్ ఫ్లాయిడ్ పేరు మాత్రం ఊళ్లో ఉన్న మీ నాన్నగారికి కూడా తెలుసు. ఆడవాళ్లు తక్కువమంది చనిపోతారు కాబట్టి వార్త కావట్లేదా, ఇంకేమైనా కారణం ఉందా అన్నది మీ ప్రశ్న. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న కూడా పెట్టారు. పై ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే బ్లాక్ ఆవిడ రాత్రుళ్లు తనలో తను అరుచుకుంటూ ఉంటుందని, 911కి, అంటే పోలీసుల్ని, అంబులెన్సుని పిలిచే అత్యవసర నంబరుకి, ఫోన్ చేద్దామని రూమ్మేట్ అంటున్నాడని, చేయాలా వద్దా అని. నిజానికి ఈ రెండోది చూసే నేను రాయడానికి కూర్చున్నాను. దానికి ఆఖర్లో వస్తాను.

నేను లాయర్ని కాను. షికాగోలో, పోలీసుల మీద పౌరహక్కుల కేసులు వేసే ఒక చిన్న లా ఆఫీసులో పద్నాలుగేళ్లుగా పారాలీగల్‌గా, అంటే లాయర్లకి సహాయకురాలిగా, పనిచేస్తున్నాను. పోలీసులు ఒంటికి తగిలించుకునే బాడీ కెమెరాల వీడియోలు చూసి, ఏ సెకనులో ఎవరు ఏమన్నారో రాసిపెట్టడం నా పనిలో సగం. రికార్డుల కోసం అర్జీలు పెట్టడం, వాళ్లు ఇవ్వకపోతే మళ్లీ పెట్టడం మిగతా సగం.

సూటిగా చెప్పాలంటే: సంఖ్య ఒక కారణమే, కానీ అసలు కారణం అది కాదు. పోలీసు హింస అనగానే మనందరి కళ్ల ముందుకీ ఒకే బొమ్మ వస్తుంది. రోడ్డు, పట్టపగలు, ఒక మగవాడు, పక్కన ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో. నల్లజాతి ఆడవాళ్ల మీద జరిగే దానిలో చాలా భాగం గుమ్మం లోపల జరుగుతుంది. పడకగదిలో, వంటింట్లో, పోలీసు కారు వెనక సీట్లో, జైలు గదిలో. అక్కడ ఫోన్ పట్టుకుని నిలబడేవాళ్లు ఉండరు. పైగా అందులో చాలా భాగం చావు దాకా వెళ్లదు కాబట్టి ఏ లెక్కలోనూ పడదు.

సంఖ్య సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే ఆ మాట అబద్ధం కాదు. 2019లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. దాని ప్రకారం నల్లజాతి మగవాడు తన జీవితకాలంలో పోలీసుల చేతిలో చనిపోయే అవకాశం సుమారు వెయ్యిలో ఒకటి. తెల్లజాతి మగవాడితో పోలిస్తే రెండున్నర రెట్లు. నల్లజాతి ఆడవాళ్లకి తెల్లజాతి ఆడవాళ్లతో పోలిస్తే 1.4 రెట్లు. పోలీసులు కాల్చి చంపిన వాళ్లందరిలో ఆడవాళ్లు నూటికి నాలుగైదుగురే. కాబట్టి మగవాళ్ల పేర్లు ఎక్కువగా వినపడటంలో వింతేమీ లేదు.

కానీ మొత్తాలు పక్కన పెట్టి, ఒక్కో చావుని ఒక్కో చావు పక్కన పెట్టి చూడండి.

2014 ఆగస్టు 9న మిస్సోరిలోని ఫెర్గుసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి కుర్రాడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ప్రపంచమంతా చూసింది. సరిగ్గా ఐదు రోజుల తరవాత, ఆగస్టు 14న, ఫీనిక్స్‌లో మిషెల్ కుసో అనే యాభై ఏళ్లావిడని ఆమె ఇంటి గుమ్మంలోనే పోలీసు కాల్చి చంపాడు. ఆమెని మానసిక వైద్యానికి తీసుకెళ్లడానికి కోర్టు ఆర్డరుతో వచ్చిన పోలీసులు వాళ్లు. ఆమె చేతిలో సుత్తి ఉంది. ఎవరూ పట్టించుకోకపోయేసరికి, ఆమె తల్లి శవపేటికని ఊరేగింపుగా సిటీ హాలు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ సంగతి అరిజోనా దాటి ఎంతమందికి తెలుసు?

అదే ఏడాది నవంబరు 22న క్లీవ్‌లాండ్‌లో పన్నెండేళ్ల టమీర్ రైస్‌ని, చేతిలో బొమ్మ తుపాకీ ఉండగా, పోలీసు కాల్చాడు. ఈ పేరు మీరు వినే ఉంటారు. దానికి తొమ్మిది రోజుల ముందు, అదే ఊళ్లో, అదే పోలీసు శాఖ చేతిలో టనీషా ఆండర్సన్ చనిపోయింది. ఆమెకి 37 ఏళ్లు, మానసిక అనారోగ్యం ఉంది. ఆ రాత్రి పరిస్థితి బాగాలేదని ఇంట్లోవాళ్లే 911కి ఫోన్ చేశారు. కారు వెనక సీట్లో ఎక్కించబోతే ఆమె భయపడిపోయింది. పెనుగులాటలో నేల మీద బోర్లా పడేసి సంకెళ్లు వేశారు, ఊపిరి ఆగిపోయింది. మెడికల్ ఎగ్జామినర్ దాన్ని 'హోమిసైడ్' అని, అంటే ఇంకొకరి చేతల వల్ల జరిగిన మరణమనే రాశాడు. ఎవరి మీదా క్రిమినల్ కేసు నడవలేదు.

ఒకే ఊరు, తొమ్మిది రోజుల తేడా. ఇక్కడ సంఖ్యతో ఏం వివరిస్తారు? తేడా ఎక్కడంటే, టమీర్ చావు పార్కులోని నిఘా కెమెరాలో రికార్డయింది. టనీషాది కుటుంబసభ్యుల కళ్లల్లో తప్ప ఎక్కడా రికార్డు కాలేదు.

మా షికాగో సంగతి చెప్తాను. 2012 మార్చిలో రెకియా బోయిడ్ అనే 22 ఏళ్ల అమ్మాయి స్నేహితులతో పార్కు దగ్గర నిలబడి ఉంది. డ్యూటీలో లేని ఒక డిటెక్టివ్, గోల చేస్తున్నారని వాళ్లతో మాటామాటా పెంచుకుని, కారులో కూర్చునే వెనక్కి కాల్చాడు. తూటా ఆమె తలకి తగిలింది. పక్కనున్నవాడి చేతిలో తుపాకీ చూశానన్నాడు. తీరా చూస్తే సెల్‌ఫోన్. అతని మీద 'నిర్లక్ష్యం వల్ల మరణం' అనే కేసు పెట్టారు. 2015 ఏప్రిల్ 20న జడ్జి ఏం చేశాడో చూడండి. మనిషి మీదకి గురిపెట్టి కాల్చడం నిర్లక్ష్యం కిందకి రాదు, అది ఉద్దేశపూర్వకం, అంటే హత్య కేసు పెట్టాల్సింది, మీరు పెట్టలేదు కాబట్టి వదిలేస్తున్నాను అన్నాడు! అప్పటికి నేను ఈ ఆఫీసులో చేరి కొన్నేళ్లే. మా లాయరమ్మ ఆ తీర్పు రెండుసార్లు చదివి కాగితం టేబుల్ మీద పడేసి బయటికి వెళ్లిపోయింది. ఆ తీర్పుకి ముందురోజే బాల్టిమోర్‌లో, పోలీసుల అదుపులో ఉండగా గాయపడ్డ ఫ్రెడ్డీ గ్రే చనిపోయాడు. దేశం మొత్తం అటు తిరిగింది. తిరగాల్సిందే, తప్పని అనడం లేదు. కానీ రెకియా పేరు ఆ హోరులో కలిసిపోయింది.

బ్రియానా టేలర్ పేరైనా ఎలా బయటికొచ్చిందో చూస్తే విషయం ఇంకా తేటగా అర్థమవుతుంది. 2020 మార్చి 13 అర్ధరాత్రి దాటాక లూయీవిల్‌లో పోలీసులు ఆమె ఇంటి తలుపు పగలగొట్టారు. దొంగలనుకుని ఆమె బాయ్‌ఫ్రెండ్ ఒకసారి కాల్చాడు, ఒక పోలీసు కాలికి తగిలింది. పోలీసులు 32 సార్లు కాల్చారు. ఆమె హాలులోనే చనిపోయింది. ఆమె వయసు 26, ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో టెక్నీషియన్. తరవాత బయటికొచ్చిన పోలీసు రిపోర్టులో చాలా గడులు ఖాళీ. 'గాయాలు' అన్న చోట 'ఏమీ లేవు' అని ఉంది. తలుపు పగలగొట్టారా అన్న చోట 'లేదు' అని టిక్కు.

నేను ఇలాంటి రిపోర్టులు వందల్లో చదివాను కాబట్టి చెప్తున్నాను, ఎవరైనా లాగి చూసేదాకా ఆ కాగితమే నిజం. రెండు నెలల పాటు లూయీవిల్ బయట ఆ పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. కుటుంబం ఏప్రిల్ ఆఖర్లో దావా వేశాక మెల్లగా కదిలింది. మే 25న మినియాపొలిస్‌లో ఫ్లాయిడ్ చనిపోయి, ఆ వీడియో చూసి జనం రోడ్ల మీదకి వచ్చాక గానీ ఆమె పేరు దేశమంతా వినపడలేదు. ఆ సెప్టెంబరులో యూఎస్ ఓపెన్‌లో నవోమి ఒసాకా ఏడు మ్యాచ్‌లకి ఏడు మాస్కులు వేసుకుంది, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. మొదటిది బ్రియానా టేలర్. మిగతా ఆరూ మగవాళ్ల పేర్లే. తప్పు పట్టడానికి చెప్పడం లేదు, ఆమె చేసింది చాలా పెద్ద పని. ఆడవాళ్ల తరఫున గుర్తొచ్చే పేరు ఒక్కటే ఉందని చెప్పడానికే.

ఇంత గుర్తింపు వచ్చాక కూడా జరిగిందేమిటి? అదే నెలలో గ్రాండ్ జ్యూరీ ఒకే ఒక్క పోలీసు మీద అభియోగం మోపింది. అదీ పక్కింట్లోకి తూటాలు వెళ్లి, ఆ ఇంటివాళ్లకి ప్రమాదం తెచ్చిపెట్టినందుకు. ఆ కేసులో 2022లో జ్యూరీ అతన్ని నిర్దోషి అంది. తరవాత ఫెడరల్ కేసులో అతనే 2024 నవంబరులో దోషిగా తేలి, 2025 జులైలో 33 నెలల జైలు పడింది. అతని తూటాలు ఎవరికీ తగల్లేదు. ఆమెకి తగిలిన తూటాలు కాల్చిన వాళ్ల మీద ఆ కాల్పులకి క్రిమినల్ కేసే లేదు. ఊరు మాత్రం కుటుంబానికి 1.2 కోట్ల డాలర్లు కట్టింది.

ఇక టీషర్టు సంగతి. 'సే హర్ నేమ్', అంటే 'ఆమె పేరు పలకండి', 2014 డిసెంబరులో మొదలైంది. మొదలుపెట్టింది ఆఫ్రికన్ అమెరికన్ పాలసీ ఫోరం. దాని వెనక ఉన్న ప్రధాన వ్యక్తి కింబర్లీ క్రెన్‌షా, న్యాయశాస్త్ర ప్రొఫెసర్. ఆమె వాదన మీకు అర్థం కావాలంటే 1976 నాటి జనరల్ మోటార్స్ కేసు ఒకటి తెలియాలి. ఆ కంపెనీలో నల్లవాళ్లకి ఉద్యోగాలున్నాయి, ఫ్యాక్టరీ ఫ్లోర్‌లో, కానీ అవి మగవాళ్లకి. ఆడవాళ్లకీ ఉన్నాయి, ఆఫీసులో, కానీ అవి తెల్లవాళ్లకి. ఐదుగురు నల్లజాతి ఆడవాళ్లు మాకు అన్యాయం జరిగిందని కోర్టుకెళ్తే, ఆడవాళ్లని తీసుకున్నారుగా కాబట్టి లింగవివక్ష లేదు, జాతి వివక్ష అంటారా, ఆ కేసు వేరే ఉంది అందులో కలవండి, రెండూ కలిపి కొత్త వర్గాన్ని సృష్టించం అని కోర్టు కొట్టేసింది. రెండు రోడ్లు కలిసే కూడలిలో నిలబడ్డ మనిషిని ఏ వైపు నుంచి వచ్చిన బండి గుద్దిందో తేలితే గానీ అంబులెన్స్ ఎక్కించనన్నట్టుంది. ఆ కేసు మీదే క్రెన్‌షా 1989లో రాసింది, దానికే 'ఇంటర్‌సెక్షనాలిటీ' అని పేరు పెట్టింది. మన దగ్గర దళిత స్త్రీవాదం చదివినవాళ్లకి ఈ వాదన కొత్తగా అనిపించదు.

పోలీసు హింసలోనూ అదే జరిగింది. జాతి గురించి మాట్లాడేవాళ్లు మగవాళ్ల పేర్లు చెప్పారు. ఆడవాళ్ల మీద హింస గురించి మాట్లాడేవాళ్లు భర్తలు, బాయ్‌ఫ్రెండ్ల గురించి మాట్లాడారు. పోలీసు చేతిలో దెబ్బతిన్న నల్లజాతి ఆడది ఏ ఊరేగింపులోనూ ముందు వరసలోకి రాలేదు. 2016లో ఒక ప్రసంగంలో క్రెన్‌షా సభలో అందరినీ నిలబెట్టి, తెలియని పేరు వినగానే కూర్చోండి అంది. మగవాళ్ల పేర్లు చదివాక కూడా దాదాపు సగం మంది నిలబడే ఉన్నారు. ఆడవాళ్ల పేర్లు మొదలయ్యాక చివరికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. పోయిన ఏడాది మా ఇంట్లో బతుకమ్మకి వచ్చినవాళ్లని నేను ఊరికే అడిగాను. ఫ్లాయిడ్ అందరికీ తెలుసు. బ్రియానా ముగ్గురికి. సోన్యా మాసీ పేరు ఒక్కరికీ తెలియదు. అది మా రాష్ట్రంలో, మా ఇళ్లకి కారులో మూడు గంటల దూరంలో జరిగింది.

సోన్యా మాసీ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

2024 జులై 6, ఇలినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దగ్గర. 36 ఏళ్ల సోన్యా ఇంటి చుట్టూ ఎవరో తిరుగుతున్నట్టుందని అర్ధరాత్రి దాటాక తనే 911కి ఫోన్ చేసింది. అంతకుముందు రోజే ఆమె తల్లి కూడా 911కి చేసి, కూతురి మనసు బాగాలేదు, దయచేసి ఆమెకి హాని చేయొద్దని చెప్పింది. ఇద్దరు షెరీఫ్ డిప్యూటీలు, అంటే కౌంటీ పోలీసులు, వచ్చారు. చుట్టూ చూశారు, ఎవరూ లేరు. లోపల ఐడీ కార్డు కోసం వెతుకుతుంటే, స్టవ్ మీద గిన్నె మరుగుతోంది, దించమని వాళ్లే చెప్పారు. ఆమె దించింది. వేడి నీళ్లని ఒక డిప్యూటీ వెనక్కి జరిగాడు. ఆమె 'యేసు నామంలో నిన్ను గద్దిస్తున్నాను' అంది. అతను తుపాకీ తీసి, ముఖం మీద కాలుస్తానని బెదిరించాడు. ఆమె సారీ చెప్తూ కిందికి వంగింది. కాల్చాడు. కాల్చినవాడు వచ్చినప్పుడు తన కెమెరా ఆన్ చేయలేదు. ఏం జరిగిందో మనకి తెలిసింది రెండో డిప్యూటీ కెమెరా మొదటినుంచీ నడుస్తూ ఉండటం వల్ల.

ఆ వీడియో నేను పని మీద చూడలేదు, ఆ కేసు మాది కాదు. ఇంట్లో, రాత్రి, లాప్‌టాప్‌లో చూశాను. ఇన్నేళ్లలో అలవాటు పడిపోయానని అనుకున్నదాన్ని. ఆ గిన్నె, ఆ వంటగది, ఆవిడ వేసుకున్న నైటీ... అందులో అమెరికా ఏమీ కనపడలేదు నాకు. మా పిన్ని వాళ్ల వంటిల్లులా ఉంది.

ఆ డిప్యూటీ అంతకుముందు నాలుగేళ్లలో ఆరు పోలీసు శాఖల్లో పనిచేసినవాడని తరవాత తెలిసింది. 2025 ఫిబ్రవరిలో కౌంటీ కోటి డాలర్లకి ఒప్పందం చేసుకుంది. అక్టోబరులో జ్యూరీ అతన్ని సెకండ్ డిగ్రీ హత్యకి దోషిగా తేల్చింది. వీడియో లేకపోతే ఇందులో ఒక్క ముక్కైనా జరిగేదా అంటే, నా అనుభవంలో జరిగేది కాదు.

ఇలాంటివి వరసగా చూస్తే ఒక పోలిక దొరుకుతుంది. 1984 అక్టోబరులో న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఎలినార్ బంపర్స్, 66 ఏళ్లు, మానసిక అనారోగ్యం, కొన్ని నెలల అద్దె బాకీ. నెలకి వంద డాలర్ల లోపు అద్దె అది. ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చిన పోలీసు షాట్‌గన్‌తో రెండుసార్లు కాల్చాడు. విచారణలో నిర్దోషి. 2016 అక్టోబరులో, అదే బ్రాంక్స్‌లో డెబొరా డానర్, ఆవిడకీ 66 ఏళ్లే, స్కిజోఫ్రీనియా. నాలుగేళ్ల ముందే తన జబ్బు గురించి రాసిన వ్యాసంలో, మానసిక రోగులు పోలీసుల చేతిలో ప్రాణాలు పోగొట్టుకోవడం గురించి రాసిపెట్టుకుంది. పడకగదిలో సార్జంటు కాల్చాడు. అతనూ నిర్దోషి. మధ్యలో ముప్పై రెండేళ్లు.

ఇక లెక్కలోకే రానివి. నా బల్ల మీదకి వచ్చే ఆడవాళ్ల కేసుల్లో ఎక్కువ భాగం ఇవే. తుపాకీ ఉండదు, శవం ఉండదు. ట్రాఫిక్ స్టాప్‌లో ఒళ్లు తడమడం, రోడ్డు పక్కన బట్టలు విప్పించి సోదా, వదిలేయాలంటే 'ఏదో ఒకటి' అడగడం. క్యాటో ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2010లో పోలీసుల తప్పుడు ప్రవర్తన మీద వచ్చిన రిపోర్టులన్నీ క్రోడీకరిస్తే, మితిమీరిన బలప్రయోగం తరవాత రెండో స్థానం లైంగిక నేరాలది. ఓక్లహోమా సిటీలో డేనియల్ హోల్ట్‌జ్‌క్లా అనే పోలీసు కేసు చూడండి. పదమూడు మంది నల్లజాతి ఆడవాళ్లు కోర్టులో సాక్ష్యం చెప్పారు. అతను ఏరుకున్నది పాత కేసులున్నవాళ్లని, డ్రగ్స్ అలవాటున్నవాళ్లని. వీళ్లు చెప్తే ఎవరు నమ్ముతారన్న ధైర్యం. వాళ్లూ అదే అనుకుని నోరు మూసుకున్నారు. 2014 జూన్‌లో అతను పొరపాటున ఏ కేసూ లేని, మనవలున్న 57 ఏళ్లావిడ కారు ఆపాడు. ఆవిడ నేరుగా వెళ్లి ఫిర్యాదు చేసింది. అక్కడ తీగ లాగితే డొంకంతా కదిలింది. 2015 డిసెంబరులో 36 అభియోగాల్లో 18 రుజువయ్యాయి, తరవాతి నెలలో 263 ఏళ్ల శిక్ష పడింది. ఇంత పెద్ద కేసు జరుగుతుంటే దేశంలోని పెద్ద ఛానెళ్లు చూపించింది చాలా తక్కువ.

మా ఆఫీసుకి వచ్చినవాళ్ల గురించి రెండు ముక్కలు. ఊరు, పేరు, శాఖ చెప్పను, కొన్ని వివరాలు మార్చాను. ఒకమ్మాయి, ఇరవై రెండేళ్లు, రాత్రి డ్యూటీ నుంచి ఇంటికెళ్తుంటే కారు ఆపి, గంజాయి వాసన అని చెప్పి రోడ్డు పక్కనే సోదా చేశారు. ఎలా చేశారో ఆ అమ్మాయి నాకు కాగితం మీద రాసి ఇచ్చింది, నోటితో చెప్పలేక. గంజాయి దొరకలేదు. కేసు వేద్దామంటే 'మా అమ్మ పేపర్లో చదువుతుంది' అంది. చివరికి డబ్బు తీసుకుని, నోరు విప్పనని సంతకం పెట్టింది. ఆమె ఏ డేటాబేస్‌లో ఉంది? ఎక్కడా లేదు. మీరు వెతికిన పేర్ల జాబితాలో ఎప్పటికీ కనపడదు.

ఇంకొకావిడ, యాభైల్లో ఉంటుంది, చర్చిలో పాటలు పాడుతుంది. తప్పు చిరునామాకి వచ్చి తలుపు పగలగొట్టారు. సంకెళ్లు గట్టిగా బిగించడం వల్ల బొటనవేలికి స్పర్శ పోయింది. మా దగ్గరికి పదకొండో నెలలో వచ్చింది. ఇన్నాళ్లు ఏం చేశారమ్మా అంటే, 'మా అబ్బాయిని చంపలేదు కదా, అదే చాలనుకున్నాను' అంది. ఇలినాయ్‌లో రాష్ట్ర చట్టం కింద స్థానిక ప్రభుత్వం మీద దావా వేయడానికి ఒక్క ఏడాదే గడువు. బాడీ కెమెరా వీడియో మామూలుగా తొంభై రోజులే దాచాలి, ఎవరూ ఫిర్యాదు చేయకపోతే చెరిపేయొచ్చు. మేం అడిగేసరికి వీడియో లేదు. ఆవిడ అన్న మాటలో ఇంకోటి గమనించారా? తన మీద జరిగింది హింస అని ఆవిడే అనుకోలేదు. ఆవిడ మనసులో కూడా పోలీసు హింస అంటే కొడుక్కి జరిగేదే.

షికాగోలోనే అంజనెట్ యంగ్ అనే సోషల్ వర్కర్ ఇంటి మీదకి 2019 ఫిబ్రవరిలో ఇలాగే తప్పు చిరునామాకి వెళ్లారు. ఆవిడ పని నుంచి వచ్చి బట్టలు మార్చుకుంటోంది. ఒంటి మీద బట్టల్లేకుండా సంకెళ్లతో నిలబెట్టారు. ఇల్లు తప్పని ఆవిడ 43 సార్లు చెప్పింది. ఒక టీవీ ఛానెల్ ఆ వీడియో 2020 డిసెంబరులో చూపించబోతే, ఆపమని నగర ప్రభుత్వ లాయర్లే కోర్టుకెళ్లారు. జనం కోపంతో ఊగిపోయారు, 29 లక్షల డాలర్లు ఇచ్చారు. ఆ వీడియో కోసం ఆవిడ దాదాపు రెండేళ్లు పోరాడింది. అందరికీ అంత ఓపిక, చదువు ఉండవు.

శ్రద్ధ దానంతటదే వేరే చోటికి పోతుందని అనుకోకండి. కొన్నిసార్లు కావాలని మళ్లిస్తారు. 1963 జూన్‌లో మిసిసిపీలోని వైనోనా జైల్లో ఫానీ లూ హేమర్‌ని, ఓటు హక్కు శిక్షణ తరగతులకి వెళ్లి వస్తున్న నేరానికి, పోలీసులు తోటి ఖైదీల చేత కొట్టించారు. కిడ్నీ దెబ్బతింది, జీవితాంతం కోలుకోలేదు. 1964 ఆగస్టు 22న డెమొక్రాటిక్ పార్టీ సభలో, టీవీ కెమెరాల ముందు, ఆవిడ ఆ దెబ్బల గురించి చెప్తుంటే అధ్యక్షుడు జాన్సన్ అప్పటికప్పుడు ప్రెస్‌మీట్ పెట్టాడు. కెమెరాలన్నీ అటు తిరిగాయి. అయితే ఆ రాత్రి వార్తల్లో ఆవిడ మాటలు చూపించారు, ఎత్తు బెడిసికొట్టింది. అది వేరే సంగతి.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. అన్ని కేసులూ ఒకేలాంటివి కావు. 2021 ఏప్రిల్ 20న ఒహాయోలోని కొలంబస్‌లో చనిపోయిన పదహారేళ్ల మకియా బ్రయంట్ చేతిలో కత్తి ఉంది, ఇంకో అమ్మాయి మీదకి వెళ్తోంది, కాల్చిన పోలీసు మీద కేసు పెట్టలేదు. శాండ్రా బ్లాండ్ 2015లో టెక్సాస్ జైలు గదిలో చనిపోయింది, అధికారికంగా అది ఆత్మహత్య. లేన్ మారేటప్పుడు సిగ్నల్ వేయలేదని ఆపి, మాటకి మాట పెంచి, కరెంటు షాక్ కొట్టే టేజర్ చూపించి పోలీసు కారులోంచి దింపింది మాత్రం వీడియోలో ఉంది. పేర్లన్నీ ఒకే గాటన కట్టేస్తే అవతలి లాయరు ఒక్క పేరు పట్టుకుని మొత్తం జాబితాని కొట్టిపారేస్తాడు. రెండోది, మగవాళ్ల చావులకి వచ్చే శ్రద్ధ ఎక్కువైపోయిందని నా ఉద్దేశం అసలే కాదు. వాళ్లలోనూ చాలామందికి ఏ టీషర్టూ లేదు.

ఇది మనకి దూరపు వ్యవహారం అనుకునేవాళ్లకి ఒక మాట. 2023 జనవరి 23న సియాటిల్‌లో ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్దింది. పాతిక మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద ఆ కారు 74 మైళ్ల వేగం అందుకుంది. మొదట మన పేపర్లలో రోడ్డు ప్రమాదం వార్తగా వచ్చి పోయింది. ఎనిమిది నెలల తరవాత ఇంకో పోలీసు ఫోన్‌లో నవ్వుతూ, పదకొండు వేల డాలర్ల చెక్కు రాసేస్తే సరి, ఆమెకి విలువ అంతంతమాత్రమే అన్న బాడీ కెమెరా రికార్డింగ్ బయటికొచ్చాకే గొడవైంది. అదే సియాటిల్‌లో 2017 జూన్‌లో శార్లీనా లైల్స్ అనే గర్భిణి, ఇంట్లో దొంగతనం జరిగిందని తనే పోలీసులని పిలిచింది. వచ్చిన ఇద్దరు పోలీసులు, ఆమె కత్తి తీసిందని చెప్పి, పిల్లలు ఇంట్లో ఉండగానే కాల్చి చంపారు. జాహ్నవి కోసం సియాటిల్ వీధుల్లో నిలబడ్డవాళ్లలో నల్లజాతి వాళ్లు కూడా ఉన్నారు. శార్లీనా పేరు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పుడైనా చూశారా?

ఇప్పుడు మీ పై ఫ్లాట్ ఆవిడ.

టెక్సాస్‌లోనే, మీకు పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో, 2019 అక్టోబరు 12 రాత్రి ఒక పెద్దాయన ఎదురింటి తలుపు తెరిచి ఉండటం చూసి, ఎలా ఉన్నారో ఒకసారి చూడమని పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేశాడు. మంచి ఉద్దేశంతోనే. లోపల అటాటియానా జెఫర్సన్, 28 ఏళ్లు, ఎనిమిదేళ్ల మేనల్లుడితో వీడియో గేమ్ ఆడుకుంటోంది. పెరట్లో అలికిడైతే కిటికీ దగ్గరికి వచ్చింది. పెరట్లో ఉన్న పోలీసు, తను పోలీసునని కూడా చెప్పకుండా, చేతులెత్తమని అరిచిన మరుక్షణమే కిటికీలోంచి కాల్చేశాడు. అతనికి 2022లో దాదాపు పన్నెండేళ్ల శిక్ష పడింది.

కాబట్టి నేనైతే ముందు పగలు వెళ్లి తలుపు కొడతాను. ఏదైనా పట్టుకెళ్లండి, అరటిపళ్లో కేకో. పేరు కనుక్కోండి. ఆవిడకి అక్కో కూతురో ఉంటే వాళ్ల నంబరు అడిగి పెట్టుకోండి. లీజింగ్ ఆఫీసులో ఎమర్జెన్సీ కాంటాక్ట్ ఉండే అవకాశం ఉంది, మీకు ఇవ్వకపోయినా వాళ్లని ఫోన్ చేయమని అడగొచ్చు. అరుపులు మాత్రమే అయితే, ఆవిడకీ ఇంకెవరికీ ప్రమాదం లేకపోతే, 988కి చేయండి. అది 2022 జులై నుంచి దేశమంతా పనిచేస్తున్న మానసిక సంక్షోభ హెల్ప్‌లైన్. పక్కింటివాళ్ల గురించి కూడా సలహా అడగొచ్చు. మీ ఏరియాలో పోలీసులు లేకుండా వచ్చే టీమ్ ఉందా అని వాళ్లనే అడగండి.

నిజంగా ప్రాణం మీదకి వచ్చినట్టుంటే 911కే చేయాలి, అక్కడ సందేహం పెట్టుకోవద్దు. కానీ మీరు చెప్పే మొదటి రెండు వాక్యాలే వచ్చే పోలీసు చెవిలో పడతాయి. 'ఎవరో పిచ్చిగా అరుస్తున్నారు, భయమేస్తోంది' అనొద్దు. 'ఒంటరిగా ఉండే ఆవిడ, ఆరోగ్యం బాగాలేనట్టుంది, వైద్య సహాయం కావాలి, ఎవరినీ బెదిరించడం లేదు' అనండి, అది నిజమైతే. చేతిలో ఏమీ చూడకపోతే చూడలేదనే చెప్పండి, ఊహించి చెప్పొద్దు. మానసిక సంక్షోభంలో శిక్షణ పొందిన ఆఫీసర్ని, అంటే సీఐటీ ఆఫీసర్ని, పంపమని ఆ మాటతోనే అడగండి. వాళ్లు వచ్చాక లోపలికి వెళ్లిపోకండి. మీ గుమ్మంలో, చేతులు కనపడేలా, వాళ్లకి అడ్డం రాకుండా నిలబడండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి ఉంచండి. దూరం నుంచి తీయడం తప్పు కాదు.

ఆవిడని కలిశాక వీలైతే ఇక్కడే చెప్పండి, పేరు అక్కర్లేదు, ఎలా ఉన్నారో చెప్తే చాలు. రూమ్మేట్‌ని కూడా తీసుకెళ్లండి.